పక్కింటాయన తాగని కాఫీ

నా చిన్నప్పుడు మేమున్న వీధిలో మధ్యాహ్నం పూట నీడ పడేది ఒక్క మా గోడ పక్కనే. ఊరు హఫర్ అల్ బాతిన్, సౌదీకి ఈశాన్యపు మూల. ఊరి చివర కొత్తగా వేసిన పేట అది. వీధులు వెడల్పు, ఇళ్ళు దూరదూరం, సగం స్థలాల్లో ఇంకా ఇసుకే. ఒక విల్లా కింది భాగంలో రెండు గదులు మావి. వాటికి వేరేగా ఒక ఇనప గేటు. మా అమ్మ ఊళ్ళో ఆసుపత్రిలో నర్సు. మా నాన్న అక్కడే ఏసీలు బాగుచేసే మెకానిక్కు. కొత్త శతాబ్దం మొదలై రెండు మూడేళ్ళయింది. నాకు పదేళ్ళు.

నాకు అవమానాలు గుర్తుంటాయి. గొప్ప కోసం చెప్పడం లేదు, తప్పని ఒప్పుకోవడమూ లేదు. ఎవరన్నారు, ఎక్కడ అన్నారు, ఆ సమయానికి వాళ్ళ చేతిలో ఏముంది అన్నంతవరకు గుర్తుంటుంది. ఇప్పుడు తలలో నాలుగు తెల్లవెంట్రుకలు వచ్చాయి, మా అపార్ట్‌మెంటు పిల్లలు నన్ను చూసి పక్కకి తప్పుకుంటారు, అయినా ఆ గుణం పోలేదు. మరిచిపోవడం మంచిదని చెప్పేవాళ్ళకి సాధారణంగా మరిచిపోవాల్సినంత పెద్దది ఏదీ జరిగి ఉండదు. కాబట్టి ఆ మంగళవారం జరిగినదంతా జరిగినట్టే చెప్పగలను.

మా పక్క విల్లా ఒక అరబ్బు పెద్దాయనది. సన్నగా, నిటారుగా ఉండేవాడు. చేతికర్ర ఉండేది కానీ దాని మీద ఆనేవాడు కాదు. వాళ్ళ తండ్రుల కాలంలో ఎడారిలో గుడారాల్లో బతికినవాళ్ళట, ఊరికి దూరంగా వాళ్ళకి ఇంకా ఒంటెలు ఉండేవి. సాయంత్రం గేటు బయట చాప వేసుకుని కూర్చునేవాడు. నాన్న సలాం చెబితే తిరిగి చెప్పేవాడు. అంతకు మించి మూడేళ్ళలో మాకూ ఆయనకీ ఒక్క మాట లేదు. ఆయన ఆఖరి కొడుకుకి ఇరవై రెండేళ్ళుంటాయి. అతనికి ఒక తెల్ల పికప్ బండి. ఆ బండి ఎండలో మాడకుండా మా గోడ నీడలో పెట్టేవాడు. పెడితే పెట్టనీ. కానీ మా గేటు బయటికి తెరుచుకునే గేటు. అతను బండిని దానికి ఆనించి పెట్టేవాడు. నాన్న మర్యాదగా మూడుసార్లు చెప్పాడు. మూడుసార్లూ నేను పక్కనే ఉన్నాను.

ఆ మంగళవారం అమ్మకి సాయంత్రం డ్యూటీ. రెండున్నరకి ఆసుపత్రి బస్సు వీధి మొదట్లోకి వస్తుంది. గేటు తోస్తే జానెడు తెరుచుకుని బండికి తగిలి ఆగిపోయింది. అమ్మ తెల్ల యూనిఫాం మీద నల్ల అబాయా వేసుకుని, సంచీ పట్టుకుని, ఆ జానెడు సందులోంచి వీధి చివరికి చూస్తూ నిలబడింది. నాన్న గోడెక్కి అవతలికి దూకాడు. నలభై దాటిన మనిషి. వెళ్ళి పక్కింటి గేటు కొట్టాడు.

కొడుకు ఏదో నములుతూ బయటికి వచ్చి, మా గేటు ముందు బండి పక్కన నిలబడ్డాడు. అమ్మా నేనూ ఆ సందులోంచి చూస్తున్నాం. నాన్న తనకి వచ్చిన పని అరబ్బీలో బండి, గేటు, డ్యూటీ అని చెప్పాడు. అతను వింటూ వింటూ "హిందీ" అన్నాడు. ఇండియావాళ్ళందరినీ అక్కడ అలాగే అంటారు. కూరగాయల కొట్టాయన అంటే అందులో తిట్టు లేదు. ఆ రోజు ఉంది. నువ్వు పనికి వచ్చినవాడివి, పనివాడిలా ఉండు, గోడ నీ నాన్నదా అని అడిగాడు. నాన్న బండి వైపు చెయ్యి చూపించాడు. అతను ఆ చేతిని విసిరికొట్టాడు. అదే విసురులో చెయ్యి వెనక్కి వచ్చి నాన్న మొహానికి తగిలింది. కళ్ళద్దాలు కింద పడి ఒక అద్దం పగిలింది. తరవాత అతను తొందరేమీ లేకుండా బండి ఎక్కి, నాలుగు గజాలు ముందుకి జరిపి, దిగి లోపలికి పోయాడు. అప్పటికి బస్సు వెళ్ళిపోయింది. అమ్మకి ఆ నెల ఆలస్యానికి మెమో వచ్చింది. అదీ నేను మరిచిపోలేదు.

మరునాడు నాన్న సెలవు పెట్టి పోలీస్ స్టేషన్‌కి వెళ్ళాడు. ఆసుపత్రిలో ఒక ఈజిప్టు గుమాస్తా ఫిర్యాదు అరబ్బీలో రాసిపెడుతూ, వదిలెయ్యమని రెండుసార్లు చెప్పాడట. అమ్మ కూడా అదే చెప్పింది.

"ఏమండీ, ఊరు వాళ్ళది, స్టేషన్ వాళ్ళది. రేపు మనల్ని వీసా మీద ఎగ్జిట్ ముద్ర కొట్టి ఇండియా పంపేస్తే పిల్ల చదువు ఏం కాను?"

"కొట్టినందుకు కాదే. మన గేటు ముందు, మన పిల్ల చూస్తుండగా అన్నాడు. దానికి రేపు నేనేం చెప్పాలి?"

చూసినదాన్ని నేనే కాబట్టి నన్ను వెంట తీసుకెళ్ళాడు. పగిలిన అద్దం పాలిథిన్ సంచిలో వేసి నేనే పట్టుకున్నాను. స్టేషన్‌లో ఆఫీసరు నాన్నకి కుర్చీ చూపించాడు. కాగితం మొత్తం చదివాడు. ఒక్కసారి కూడా నవ్వలేదు. ఆ కుర్చీ సంగతి చెప్పకపోతే అన్యాయం. నాకు మంచి కూడా గుర్తుంటుంది, అలాంటివి తక్కువ జరిగాయి అంతే. శనివారం పొద్దున ఇద్దరూ రావాలని, నాన్న తనాజుల్ రాసి ఇస్తే, అంటే నా ఫిర్యాదు వదులుకుంటున్నానని సంతకం పెడితే, అక్కడితో అయిపోతుందని, లేకపోతే కేసు ముందుకి వెళుతుందని ఆయన చెప్పాడు.

ఆ కేసు ముందుకి వెళితే ఏమవుతుందో ఆ సాయంత్రమే తెలిసింది. చెప్పినది జగిత్యాల మామ. ఆయన మాకు చుట్టం కాదు. పక్కింటి పెద్దాయన దగ్గర డ్రైవరు, ఒంటెల దగ్గరికి నీళ్ళ ట్యాంకర్ తోలేవాడు. వీధి మొత్తంలో తెలుగిల్లు మాదొక్కటే కాబట్టి, వచ్చేటప్పుడో పోయేటప్పుడో ట్యాంకర్ ఆపి రెండు మాటలు మాట్లాడి పోయేవాడు. అమ్మ గేటు దగ్గరే కాగితం గ్లాసులో టీ ఇచ్చేది.

"సార్, ఆ పిలగానికి మిలటరీల నౌకరి ఒచ్చేటట్టున్నది. ఆదివారం కాయిదాలు ఇయ్యాలె. పోలీసు కాడ కేసుంటె ఇగ అంతే. పెద్దాయన నిన్నటి సంది తిండి సరిగ తింటలేడు."

"అయితే బాగానే అయింది," అన్నాడు నాన్న. "మా అమ్మాయి కూడా తినలేదు."

నేను తిన్నాను. కానీ నాన్న అలా అన్నందుకు నాకు సంతోషమైంది.

గురువారం అక్కడ సెలవు. ఎండ కాస్త తగ్గాక ఎవరో గేటు తట్టారు. పెద్దాయన ఒక్కడే వచ్చాడు. తెల్ల బట్టల మీద పండగకి వేసుకునే గోధుమరంగు అంగీ, జరీ అంచుది. నాన్నకి ఏం చెయ్యాలో తోచక లోపలికి రమ్మన్నాడు. ఆయన సోఫాలో అంచుకి కూర్చున్నాడు. అమ్మ వంటింట్లోనే ఉండి, టిన్ను పాలు పోసి, మంచి కప్పుల్లో కాఫీ కలిపి నా చేతికి ట్రే ఇచ్చింది. నేను తీసుకెళ్ళి ఆయన ముందు పట్టుకున్నాను. ఆయన కుడి చేత్తో తీసుకున్నాడు. తీసుకుని, తాగకుండా టీపాయ్ మీద పెట్టాడు. పెట్టి, రెండు వేళ్ళతో కొంచెం అవతలికి జరిపాడు.

నాన్న తాగమన్నాడు. నాకు మీ దగ్గర ఒక పని ఉంది, ఆ మాట ఇవ్వండి, తాగుతాను అన్నాడాయన. నాన్న అరబ్బీకి ఆ మాత్రం అందింది. మా ఇంట్లో ముందు తాగుతారు, తరవాతే మాట అన్నాడు నాన్న. ఆయన తల అడ్డంగా ఊపి ముందు అన్నదే మళ్ళీ అన్నాడు. నాన్న కూడా అన్నదే అన్నాడు. మా వైపు ఇంటికొచ్చినవాడు గొంతు తడుపుకోకుండా పని మాట ఎత్తితే అది గుమ్మంలో నిలబడి అప్పు అడిగినట్టుంటుంది. నాన్న దాన్నుంచి కదల్లేదు. పెద్దాయనా కదల్లేదు. ఏసీ ఆగి మళ్ళీ మొదలైంది. కాఫీ మీద మీగడ కట్టింది. ఇద్దరూ ఆ కప్పునే చూస్తూ కూర్చున్నారు. నేను తలుపు పక్కన నిలబడి ఇద్దరినీ చూస్తున్నాను.

చివరికి ఆయన లేచాడు. అప్పుడు మాత్రం కర్ర మీద ఆనాడు. ఏదో చిన్నగా అన్నాడు, నాకు అర్థం కాలేదు. మేమెవ్వరం గేటు దాకా వెళ్ళి సాగనంపలేదు.

"చూసేవా," అన్నాడు నాన్న వంటింటి వైపు తిరిగి. "మన కప్పు ముట్టుకోడట. పని మాత్రం కావాలట."

ఇది చెప్పాలంటే మా ఊరి సంగతి కొంచెం చెప్పాలి. గోదావరి పక్కన నాన్న పుట్టిన పేటలోకి ఓట్ల రోజుల్లో, కోతల రోజుల్లో ఊళ్ళోంచి పెద్దమనుషులు వచ్చేవారు. మా నాయనమ్మ గ్లాసు బూడిదతో తోమి తోమి నీళ్ళిచ్చేది. వాళ్ళు తీసుకునేవారు. చేతిలో పట్టుకుని మాట్లాడేవారు. వెళ్ళేటప్పుడు ఆ గ్లాసు నిండుగా అరుగు మీద పెట్టి వెళ్ళేవారు. వద్దని ఎవరూ అనేవారు కాదట, అదే నాన్నకి ఎక్కువ మంట. కాఫీ హోటల్లో మావాళ్ళకి వేరే గ్లాసులుండే రోజులవి. సముద్రం దాటి ఇంత దూరం వచ్చాక, తన ఇంట్లో, తన సోఫాలో, మళ్ళీ ఒక నిండు కప్పు అలా మిగిలింది. నాన్న ఆ కాఫీ సింకులో పారబోసి కప్పు తనే కడిగాడు. ఒకసారి కడిగి, మళ్ళీ కడిగాడు. నాన్న గిన్నె కడగడం అంతకుముందు నేను చూడలేదు. ఒంటెలు తోలుకునేవాళ్ళకి కూడా మనం తక్కువైపోయామా అన్నాడు. అమ్మ ఊరుకోమంది. శనివారం సంతకం పెట్టేది లేదని, కేసు ఎంత దూరం పోతే అంత దూరం పోతానని నాన్న అన్నాడు. నేను నా నోటుబుక్కులో, ఫిర్యాదులో కలపవలసిన మాట అని పైన రాసి, కాఫీ సంగతి మొత్తం తెలుగులో రాసుకున్నాను. రెండు వేళ్ళతో జరపడం కూడా రాశాను.

శుక్రవారం పొద్దున ఇంట్లోనే మా ప్రార్థన, అక్కడ చర్చి ఉండకూడదు. కిటికీ తెరలు వేసుకుని, పాట పెదవులు దాటకుండా పాడుకునేవాళ్ళం. అది అయ్యేసరికి జగిత్యాల మామ ట్యాంకర్ గేటు ముందు ఆగింది. ఒంటెలకి శుక్రవారం సెలవు లేదు కదా. అమ్మ టీ ఇచ్చింది. నాన్న గేటులో నిలబడి, మీ పెద్దాయన నిన్న మా ఇంటికొచ్చి ఎంత మర్యాద చేశాడో తెలుసా అని మొదలుపెట్టాడు. మామ టీ తాగుతున్నవాడల్లా ఆగిపోయాడు.

"ఆగుండ్రి సార్. కప్పు తీసుకున్నడా?"

"తీసుకున్నాడు."

"తీసుకోని కిందవెట్టిండా? జరిపిండా?"

"జరిపాడు," అన్నాను నేను. "రెండు వేళ్ళతో."

"మీరేమన్నరు?"

"తాగమన్నాను. ఇంకేమంటాను?"

మామ ట్యాంకర్ మెట్టు మీద కూర్చుండిపోయాడు. "అయ్యో సార్," అన్నాడు. "వీళ్ళ తాన గదే పద్ధతి. పెద్ద పని అడుగొచ్చినోడు కాఫీ ముట్టడు. కిందవెట్టి కూసుంటడు. ఇంటాయన, నీ పని అయింది తాగు, అనాలె. అంటెనే తాగుతడు. అనకపోతె లేసిపోతడు. గట్ల లేసిపోయిండంటె ఇజ్జత్ పోయినట్టే. మీది కాదు, ఆయనది."

నాన్న గేటు గడియ ఒకసారి లాగి వదిలాడు. తరవాత, "నువ్వు ఆయన జీతం తింటున్నావు. నువ్వు ఇంకోలా ఎలా చెప్తావులే," అన్నాడు.

"జీతం తింటున్న. తిట్లు గూడ తింటున్న, పన్నెండేండ్ల సంది." మామకి కోపం రావడం నేను అప్పుడే చూశాను. గొంతు పెరగలేదు, తగ్గింది. "నా ముందట ఆయన ఏనాడు కప్పు కిందవెట్టలే సార్. నాకు పని చెప్తడు. అడుగడు. కప్పు కిందవెట్టేది సాటి మనిషి కాడ. మిమ్ముల అడిగిండు. మీరు అడిగిచ్చుకోని, ముట్టలేదని కూసున్నరు."

మామ చేతిలోని కాగితం గ్లాసు వైపు చూసుకున్నాడు.

"నాకు మీ ఇంట్ల చాయ్ గేటు కాడనే, గీ కాయిదం గిలాసల ఇస్తరు. నేనేమన్న మనసుల వెట్టుకున్ననా? సిస్టరమ్మ ఒక్కతి ఉన్నప్పుడు మొగోళ్ళు ఇంట్లకొస్తె బాగుండదని, గందుకే అనుకున్న."

అమ్మ గేటు వెనకాలే ఉంది, విన్నది. అసలు కారణం అదో కాదో అమ్మ ఎప్పుడూ చెప్పలేదు, నేను అడగలేదు. లోపలికి వెళ్ళి కప్పులో ఇంకో టీ తెచ్చి లోపల కూర్చోమంది. బండి ఇంజను మీద ఉన్నది అక్కా అని మామ అక్కడే నిలబడి తాగాడు.

నాన్న మెత్తబడ్డాడని అనుకోకండి. మా ఇంట్లో ఎవరూ అంత తొందరగా మెత్తబడరు. "సరే, అడిగాడే అనుకో. తండ్రి వచ్చి కప్పు కింద పెడితే కొడుకు కొట్టిన దెబ్బ లేకుండా పోతుందా?"

"పోదు," అన్నాడు మామ. "ఎట్ల పోతది? మీరు గూడ పొయ్యి కప్పు కిందవెట్టుండ్రి. మీకేం గావాల్నో అడుగుండ్రి. మాట ఇచ్చేదాంక ముట్టకుండ్రి."

ఆ సాయంత్రం నాన్న చొక్కా ఇస్త్రీ చేయించుకుని వేసుకున్నాడు. కళ్ళద్దాలకి ఒకవైపు అద్దం లేదు, కాడకి తెల్ల ప్లాస్టరు. నన్ను కూడా తీసుకెళ్ళమంది అమ్మ. "పిల్ల పక్కనుంటే మాట జారరు," అంది.

పక్కింటి మజ్లిస్, అంటే మగవాళ్ళు కూర్చునే పెద్ద గది, గోడల చుట్టూ పరుపులు వేసి ఉంది. శుక్రవారం కాబట్టి వాళ్ళ చుట్టాలు ఏడెనిమిది మంది ఉన్నారు. మేము గుమ్మంలోకి రాగానే మాటలు ఆగిపోయాయి. జగిత్యాల మామ చెప్పులు విడిచే చోట నిలబడి ఉన్నాడు. గది మధ్యలో ఇత్తడి కూజా ఎడమ చేత్తో పట్టుకుని, చిన్న చిన్న కప్పుల దొంతర కుడి చేతిలో పెట్టుకుని, కాఫీ పోస్తున్నది ఆ కొడుకే. వాళ్ళ ఇళ్ళలో వచ్చినవాళ్ళకి కొడుకులే పోయాలట. అతను నాన్నని చూసి, చూడనట్టు, పక్కనున్నాయనకి పోశాడు. పెద్దాయన ఒక్క మాట అన్నాడు. గట్టిగా కూడా కాదు. కొడుకు వెనక్కి తిరిగి వచ్చి, వంగి, నాన్నకి పోశాడు. అతని చెవులు ఎర్రగా ఉన్నాయి.

నాన్న కప్పు తీసుకున్నాడు. తీసుకుని, ఇంత దూరం పాఠం చదువుకుని వచ్చినవాడు, అలవాటు కొద్దీ గటుక్కున తాగేశాడు.

చెప్పుల దగ్గర మామ నుదుటి మీద చెయ్యి పెట్టుకున్నాడు. అడగడానికి వచ్చినవాళ్ళం, అడగకుండానే తాగేశాం. కానీ చాలనుకున్నవాడు అక్కడ కప్పుని కొంచెం ఊపి ఇవ్వాలి. నాన్నకి ఆ సంగతి తెలియదు, ఊరికే చాపాడు. ఊపలేదు కాబట్టి కొడుకు మళ్ళీ పోశాడు. ఈసారి నాన్న దాన్ని తివాచీ మీద పెట్టాడు. అవతలికి జరిపాడు.

గదిలో అందరూ ఆ కప్పు వైపు చూశారు. నిన్న మేము పెద్దాయన్ని ఎంతసేపు కూర్చోబెట్టామో అంతసేపు ఆయన మమ్మల్ని కూర్చోబెట్టవచ్చు. కాఫీ చల్లారేదాకా, చుట్టాలందరూ చూస్తుండగా. నేనైతే కూర్చోబెట్టేదాన్ని. పెద్దాయన ఒక్క క్షణం కూడా ఉంచలేదు. తాగు, నీ పని అయింది అన్నాడు. ఏం పనో అడగలేదు. నాన్న ఏం అడిగినా ఇవ్వవలసిన మాట అది. కొడుకుని పంపెయ్యమన్నా, బండి అమ్మెయ్యమన్నా. అన్నాక తిరిగి తీసుకోవడానికి ఉండదని మామ తరవాత చెప్పాడు.

నాన్న తాగాడు. తాగి, తడుముకుంటూ, నాలుగు అరబ్బీ మాటలూ రెండు ఉర్దూ మాటలూ కలిపి చెప్పాడు. డబ్బు వద్దు, అద్దాలు వద్దు. నా గేటు ముందు, నా భార్యా బిడ్డా చూస్తుండగా ఇతను ఒక మాట అన్నాడు. అక్కడే, వాళ్ళు చూస్తుండగానే, తప్పని చెప్పాలి.

పెద్దాయన కర్ర తీసుకుని లేచాడు. ఆయన వెనక చుట్టాలు లేచారు. అంతమందీ నడిచి మా గేటు ముందుకి వచ్చారు. అప్పటికి మా గోడ నీడ వీధి సగం దాకా పాకింది. గేటు సందులోంచి అమ్మ అబాయా అంచు కనిపిస్తోంది. కొడుకు నాన్న ఎదురుగా నిలబడ్డాడు. తప్పు నాది అన్నాడు. అందరికీ వినపడేటట్టే అన్నాడు. ఇంకో అడుగు ముందుకి వేసి, వంగి, నాన్న నుదుటి మీద ముద్దు పెట్టాడు. తండ్రి వరస వాళ్ళకి అక్కడ అలా పెడతారు. నాన్న ఒక చేత్తో జారిపోతున్న కళ్ళద్దాలు పట్టుకుని, రెండో చెయ్యి అతని భుజం మీద వేశాడు. చుట్టూ ఉన్నవాళ్ళు దేవుణ్ణి తలుచుకుని మంచి మాటలేవో అన్నారు.

నేను గోడ పక్కన, అందరికీ కొంచెం వెనకగా ఉన్నాను. కొడుకు ఇటు తిరిగాడు. నేనక్కడ ఉన్నానని అతనికి తెలియదు. తల మీది ఎర్రగళ్ళ గుడ్డ చెంగు లాక్కుని, పెదవులు తుడుచుకున్నాడు.

అది నేనొక్కదాన్నే చూశాను. నోరు తెరిచాను కూడా. సరిగ్గా అప్పుడే పెద్దాయన నాన్నతో, నిన్న నాకిచ్చిన కాఫీ ఇంకా ఉందా అని అడిగాడు. అందరూ నవ్వారు. నాన్న నవ్వాడు. మంగళవారం నుంచి నాన్న నవ్వడం అదే మొదలు. గేటు లోపల అమ్మ వంటింట్లోకి పరుగెత్తిన చప్పుడు వినపడింది. నేను నోరు మూసుకున్నాను. పెద్దాయన మా సోఫాలో ఈసారి వెనక్కి ఆనుకుని కూర్చుని, ఆ టిన్ను పాల తీపి కాఫీ, మొహం చిట్లించుకుంటూనే, చివరి చుక్కదాకా తాగాడు.

శనివారం నాన్న తనాజుల్ మీద సంతకం పెట్టాడు. కొడుకుకి ఉద్యోగం వచ్చింది, సైనిక స్థావరంలో ఉండడానికి వెళ్ళిపోయాడు. మేము ఆ ఇంట్లో ఇంకో నాలుగేళ్ళున్నాం. పెద్దాయన పండగలకి ఖర్జూరాలు పంపేవాడు. నాన్న సలాం చెప్పేలోగా తనే చెప్పేవాడు.

నాన్న ఇండియా వచ్చాక ఈ కథ ఎంతమందికి చెప్పాడో లెక్కలేదు. పెళ్ళిళ్ళలో, చర్చి మెట్ల మీద, రైల్లో పరిచయమైనవాళ్ళకి. అంత పెద్ద అరబ్బాయన మా ఇంట్లో నా ముందు కప్పు కింద పెట్టి కూర్చున్నాడండీ అని మొదలుపెట్టేవాడు. ముద్దు దగ్గరికి వచ్చేసరికి రెండు వేళ్ళతో నుదురు తాకి చూపించేవాడు. పేటలో నిండు గ్లాసులు చూస్తూ పెరిగిన మనిషికి ఆ నుదుటి మీద చోటు ఎంత విలువైనదో నాకు తెలుసు. ఆ చోటుకి కథ వచ్చినప్పుడల్లా నేను ఏదో ఒక పని మీద అక్కణ్ణించి లేచి వెళ్ళేదాన్ని.

అతను ఎందుకు తుడుచుకున్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. ఎండాకాలం సాయంత్రం, నాన్న నుదుటి నిండా చెమట. ఎవరైనా తుడుచుకుంటారు. లోపల అసహ్యంతో తుడుచుకున్నా చూడడానికి అంతే ఉంటుంది. గురువారం నాడైతే అది ఏమిటో ఒట్టు పెట్టి చెప్పేదాన్ని, నోటుబుక్కులో రాసేదాన్ని. శుక్రవారం చెప్పలేకపోయాను. ఆ రోజు నుంచి ఎవరి మీద ఏం రాయాలన్నా ముందు వెళ్ళి వాళ్ళనే అడుగుతాను, ఇలా చేశారు, ఎందుకు చేశారు అని. అడిగాక కూడా చాలాసార్లు రాయాల్సే వస్తుంది, రాస్తాను. అతన్ని మాత్రం అడగలేకపోయాను. అందుకని అది ఇప్పటిదాకా ఏ కాగితం మీదా పెట్టలేదు. నాన్న పోయి మూడేళ్ళయింది. ఆయనకి కూడా చెప్పలేదు.